బిడ్డల పోషణ లెక్క: విడిగా నివసించు తల్లిదండ్రుల విషయమై ఒక పాఠము

చదువవలసిన వాక్యభాగములు: ఆదికాండము 21:14-19, 2 కొరింథీయులకు 8:12-14, సామెతలు 11:1



సంఘములో కొన్ని ప్రశ్నలు ఆరాధన జరుగునప్పుడు కాక, అది ముగిసిన తరువాత చెప్పులు తొడుగుకొను చోట మెల్లగా అడుగబడుచుండును. "అయ్యగారూ, మా అల్లుడు అమ్మాయిని వదలి రెండేండ్లైనది. పిల్లవాని ఖర్చులకు ఎంత అడుగవచ్చును?" అని ఒక తల్లి అడుగును. "అయ్యగారూ, ఆమెయు ఉద్యోగము చేయుచున్నది గదా, నేనెందుకు ఇయ్యవలెను?" అని మరియొక యింటి మగవాడు అడుగును. మనము సాధారణముగా "ప్రార్థన చేయండి, సమాధానపడండి" అని చెప్పి పంపివేయుచున్నాము. సమాధానపడుట మంచిదే. అయితే పెద్దలకు సమాధానము కుదురువరకు పిల్లవాడు అన్నము తినక ఆగలేడు. బడివారును ఫీజు కొరకు ఆగరు.

కొంతకాలము క్రిందట ఒక సహోదరి చేతిలో నోటుబుక్కు పట్టుకొని మా యొద్దకు వచ్చినది. ఆమెకు తొమ్మిదేండ్ల కుమారుడు. భర్త వేరొక ఊరిలో కాపురముండి నెలకు 2,000 రూపాయలు పంపుచుండెను. కొన్ని నెలలు అదియు రాలేదు. ఆమె పుస్తకములో బియ్యము, పాలు, బడి ఫీజు, మందులు అన్నియు వరుసగా వ్రాసియుండెను. "కోపముతో అడుగుట లేదండి. ఇదిగో లెక్క. నేను తప్పు వ్రాసియుంటే మీరే దిద్దండి" అన్నది. మేము దిద్దలేకపోతిమి. ఏలయనగా ఏది చేర్చవలెనో, ఏది చేర్చకూడదో మాకును తెలియదు. ఆ దినమున మాకు కలిగిన సిగ్గు వలననే ఈ పాఠము పుట్టినది. పెద్దలమని పిలువబడు మనము ఈ సంగతిని నేర్చుకొనుట అవసరమని తలంచి, నేర్చుకొన్నదానిని ఇక్కడ క్రమముగా వ్రాయుచున్నాము.

1. హాగరు భుజము మీది తిత్తి

ఆదికాండము 21వ అధ్యాయములో తండ్రి యింటినుండి పంపివేయబడిన ఒక చిన్నవాడు మనకు కనబడుచున్నాడు. అబ్రాహాము పశువులు, వెండి, బంగారము సమృద్ధిగా గలవాడని అదే గ్రంథము 13వ అధ్యాయము చెప్పుచున్నది. అట్టి ధనవంతుని కుమారుడు అరణ్యమునకు బయలుదేరునప్పుడు తల్లి భుజము మీద ఉన్నది కొంచెము రొట్టెయు ఒక నీళ్ల తిత్తియు మాత్రమే. మేము అబ్రాహామును నిందించుటకు ఈ మాట వ్రాయుట లేదు. ఆ చిన్నవానిని గూర్చి దేవుడు అతనికి ముందుగానే మాట యిచ్చెను. అయితే అట్టి మాట పొందని నేటి తండ్రి, తన బిడ్డను ఒక తిత్తి నీళ్లతో పంపివేసి, అబ్రాహాము చాటున దాగుకొనజాలడు.

ఈ కథలో రెండు సంగతులు గమనింపుడి. మొదటిది, తిత్తిలోని నీళ్లు దారిలోనే అయిపోయెను. ప్రయాణము ఎంత దూరమో చూచి కొలిచిన నీళ్లు కావవి, భుజము మీద పట్టినన్ని మాత్రమే. రెండవది, అక్కడ తల్లి యేడ్చినను, దేవుడు వినినది చిన్నవాని మొఱ అని వ్రాయబడియున్నది. తల్లి తప్పెవరిది, తండ్రి తప్పెవరిది అను విచారణ ఆ పొద దగ్గర జరుగలేదు. బిడ్డకు దాహమైనది, నీళ్లు కావలెను. అక్కడనుండియే లెక్క మొదలైనది.

మన దేశపు చట్టమును ఇంచుమించుగా అక్కడనుండియే లెక్క మొదలుపెట్టును. బిడ్డకు ఇచ్చు పోషణ సొమ్ము తల్లికి బహుమానము కాదు, తండ్రికి జుల్మానా కాదు. అది బిడ్డ హక్కు. ఈ ఒక్క మాట మనస్సులో నిలుపుకొనినయెడల తక్కిన పాఠమంతయు సులభముగా గ్రహింపవచ్చును.

2. ఏ చట్టము క్రింద అడుగుదురు?

మన దేశములో ఈ విషయమై ఒకటికంటె ఎక్కువ ద్వారములు కలవు.

అన్ని మతములవారికిని తెరచియున్న ద్వారము ఒకటి. పూర్వము అది 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 125వ సెక్షనుగా నుండెను. 2024 జూలై 1వ తేదీ నుండి ఆ కోడు స్థానములో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోనికి వచ్చినది. ఇప్పుడు అది అందలి 144వ సెక్షను. తగిన స్తోమత యుండియు బిడ్డను పోషింపక నిర్లక్ష్యము చేయువానిని నెలనెలకు కొంత సొమ్ము ఇమ్మని మేజిస్ట్రేటు ఆజ్ఞాపింపవచ్చును. కుటుంబ న్యాయస్థానము ఉన్నచోట ఆ పిటీషను అక్కడికే పోవును. తల్లిదండ్రులకు వివాహమైనను కాకున్నను బిడ్డకు ఈ హక్కు కలదు. పదునెనిమిది సంవత్సరములు నిండినను, శరీరమునందో మనస్సునందో లోపముండి తన్ను తాను పోషించుకొనలేని బిడ్డకును కలదు. అయితే వివాహమైన కుమార్తెకు ఈ చివరి మాట వర్తింపదు.

2001 సంవత్సరము వరకు ఈ సెక్షను క్రింద నెలకు 500 రూపాయలకు మించి ఇప్పించుటకు వీలు లేకుండెను. ఆ సంవత్సరము చట్టమును సవరించి ఆ హద్దును తీసివేసిరి. ఇప్పటికిని మన పల్లెలలో కొందరు ముసలివారు "కోర్టుకు పోతే ఐదువందలే గదా వచ్చేది" అని చెప్పుచుందురు. అది గడచిపోయిన మాట.

క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టము కలదు. ఆ చట్టము క్రింద విడాకులకో, న్యాయపరమైన ఎడబాటునకో వ్యాజ్యము నడచునప్పుడు, మైనరు బిడ్డల సంరక్షణ, పోషణ, చదువు అను మూడింటిని గూర్చి ఆజ్ఞ ఇచ్చు అధికారము 41 మొదలుకొని 44 వరకు గల సెక్షనులలో నున్నది. ఆ చట్టములో పూర్వము ఒక కొలత యుండెను. వ్యాజ్యము నడచుకాలములో భార్యకు ఇచ్చు భరణము భర్త మూడు సంవత్సరముల సరాసరి నికరాదాయములో ఐదవ వంతుకు మించరాదని 36వ సెక్షను చెప్పుచుండెను. దానిని కూడ 2001లోనే తీసివేసిరి.

హిందువులకు 1956 నాటి దత్తత, పోషణల చట్టము కలదు. ఆ చట్టములోని 20వ సెక్షను తండ్రిని, తల్లిని ఇరువురిని బద్ధులను చేయుచున్నది. వివాహము కాని కుమార్తె తన్ను తాను పోషించుకొనలేనియెడల, మైనారిటీ తీరిన తరువాతను ఆమె పోషణను గూర్చి ఆ చట్టము మాటలాడుచున్నది.

ఒకటికంటె ఎక్కువ చోట్ల పిటీషను వేసినంతమాత్రమున సొమ్ము రెట్టింపు కాదు. మొదటి కోర్టు ఇప్పించిన సొమ్మును రెండవ కోర్టుకు తెలుపవలెను. రెండవ కోర్టు దానిని లెక్కలో సర్దుబాటు చేయును.

3. స్థిరమైన వంతు ఉన్నదా?

"జీతములో నాలుగవ వంతు", "కాదు, మూడవ వంతు" అని బజారులో వినబడుచుండును. బిడ్డల విషయమై మన దేశపు చట్టములో అట్టి స్థిరమైన వంతు ఏదియు వ్రాయబడలేదు. 2017లో సుప్రీంకోర్టు ఒక వ్యాజ్యములో భర్త నికర జీతములో నూటికి 25 వంతులు ఇచ్చుట న్యాయమని పలికినది. నాలుగవ వంతు అను మాటకు ఆధారము అదియే. అయితే అది భార్య మనోవర్తిని గూర్చి, ఆ వ్యాజ్యపు పరిస్థితులను బట్టి పలికిన మాట. బిడ్డ లెక్కకు అది సూత్రము కాదు.

స్థిరమైన వంతు పెట్టుకొనిన దేశములును కలవు. బ్రిటనులో మన తెలుగువారు అనేకులున్నారు గనుక అక్కడి పద్ధతిని క్లుప్తముగా చెప్పుదుము. అక్కడ ఇందుకొరకు ప్రత్యేకముగా ఒక ప్రభుత్వ శాఖ కలదు. బిడ్డ ఎవరి యొద్ద లేడో, ఆ తండ్రి లేక తల్లి యొక్క వారపు మొత్తపు ఆదాయము 200 పౌనులకు మించి 800 వరకు ఉన్నయెడల, ఒక బిడ్డకు నూటికి 12, ఇద్దరికి 16, ముగ్గురికి లేక అంతకు మించినవారికి 19 చొప్పున లెక్కింతురు. వారమునకు 500 పౌనులు సంపాదించు తండ్రి ఇద్దరు బిడ్డలకు 80 పౌనులు ఇయ్యవలెను. బిడ్డలు ఏడాదిలో 52 మొదలు 103 రాత్రుల వరకు అతని యింటనే పండుకొనినయెడల, అందులో ఏడవ వంతు తగ్గించి ఇంచుమించు 68 పౌనుల 57 పెన్నీలు లెక్కకట్టుదురు. తల్లి సంపాదన ఆ లెక్కలోనికి రాదు. ఈ పద్ధతిలో త్వరగా తేలుట అను మేలు కలదు. రోగియైన బిడ్డ అవసరము, ఆరోగ్యవంతుడైన బిడ్డ అవసరము ఒకే కొలతతో కొలువబడుట అను కొరతయు కలదు.

మన పద్ధతి వేరు. ఇక్కడ న్యాయాధిపతి త్రాసు పట్టుకొని కూర్చుండును. ఒక పళ్లెములో బిడ్డ అవసరము, రెండవ పళ్లెములో తల్లిదండ్రుల స్తోమత ఉండును. ఆ తూకము ఒక్కొక్క కోర్టులో ఒక్కొక్క విధముగా పోవుచుండెను గనుక, 2020 నవంబరు 4వ తేదీన సుప్రీంకోర్టు దేశమంతటికిని వర్తించు మార్గదర్శక సూత్రములను ఒక తీర్పులో ఏర్పరచినది. ఈ క్రింద వ్రాయునది చాలవరకు ఆ తీర్పును అనుసరించినదే.

4. మూడు పట్టీలు

లెక్క వ్రాయువారు మూడు కాగితములు తీసికొనుడి.

మొదటి కాగితము బిడ్డ అవసరముల పట్టీ. అన్నము, బట్టలు, నివాసము, వైద్యము, చదువు అను ఐదును ఇందులో చేరవలెను. చదువు అనగా బడి ఫీజు మాత్రమే కాదు. ట్యూషను, వృత్తి నేర్పు శిక్షణ మొదలైనవియు మితముగా నున్నంతవరకు లెక్కలోనికి వచ్చునని 2020 తీర్పు చెప్పుచున్నది. దుబారా ఖర్చులు రావు. బిడ్డకు తీవ్రమైన జబ్బుగాని అంగవైకల్యముగాని ఉన్నయెడల ఆ ఖర్చు విడిగా చూపవలెను.

ఇక్కడ సాధారణముగా రెండు తప్పులు జరుగుచున్నవి. మా యొద్దకు వచ్చిన సహోదరి పుస్తకములోను ఈ రెండు ఉండెను. ఇంటి అద్దెలో బిడ్డ పాలు వ్రాయుట ఆమె మరచెను, "నేను ఎట్లును కట్టవలసినదే గదా" అని. రెండవది, ఏడాదికి ఒకసారి వచ్చు ఖర్చులను ఆమె నెల లెక్కలో చేర్చలేదు. జూను మాసములో వచ్చు పుస్తకములు, యూనిఫారము, బూట్లు, టర్ము ఫీజు అన్నియు కూడి పండ్రెండుతో భాగించి నెల లెక్కలో వేయవలెను. లేనియెడల ప్రతి జూనులోను ఆ తల్లి అప్పు చేయవలసినదే.

రెండవ కాగితము స్తోమత పట్టీ. తండ్రి నిజముగా ఎంత సంపాదించుచున్నాడు, ఆస్తి ఏమి, తన పోషణకు ఎంత అవసరము, అతని మీద ఆధారపడిన ముసలి తల్లిదండ్రులు మొదలైనవారు ఎందరు అని వ్రాయవలెను. ఆదాయపు పన్ను, నిర్బంధముగా కోయబడు ప్రావిడెంటు ఫండు వంటివాటిని కోర్టులు సాధారణముగా తీసివేయనిచ్చును. అయితే తనంతట తాను పెట్టుకొనిన పొదుపు చీటీలు, మోటారు బండి కొరకు తీసిన అప్పు వాయిదాలు ముందుగా తీసివేసి, మిగిలినదే నా జీతమనుట సాధారణముగా చెల్లదు. బ్యాంకు వాయిదా బిడ్డ అన్నము కంటె ముందు వరుసలో నిలువజాలదు. "నాకు పని లేదు" అను జవాబును కూడ కోర్టులు సులభముగా ఒప్పుకొనవు. ఆరోగ్యవంతుడైన మనుష్యుడు పని చేసి సంపాదింపగలడనియే తలంచుదురు. కాదనువాడు దానిని రుజువు చేసికొనవలెను.

ఈ కాగితములో తల్లి సంపాదనయు రావలెను. ఆమె చదువు, ఉద్యోగము, బిడ్డలను పెంచుటకై ఉద్యోగము మానుకొనినదా అను సంగతియు రావలెను.

మూడవ కాగితము పాళ్ల పట్టీ. తల్లికి చాలినంత సంపాదన లేనప్పుడు బిడ్డల చదువు ఖర్చును సాధారణముగా తండ్రి భరించును. తల్లియు తగినంత సంపాదించుచున్నప్పుడు, ఇరువురి ఆదాయముల దామాషాను బట్టి ఖర్చును పంచుదురు. దీనికి మంచి దృష్టాంతము 2000 సంవత్సరములో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు. అక్కడ ఇరువురును ఉద్యోగులు. తండ్రి జీతము ఇంచుమించుగా తల్లి జీతమునకు రెట్టింపు. ఒక్కొక్క బిడ్డకు నెలకు 3,000 రూపాయలు కావలెనని కోర్టు నిర్ణయించి, దానిని రెండు పాళ్లు తండ్రియు ఒక పాలు తల్లియు భరింపవలెనని చెప్పెను.

ఢిల్లీ హైకోర్టు 2004లో మరియొక మార్గము చూపెను. కుటుంబపు రాబడిని ఒక రొట్టెవలె తలంచి, సంపాదించువానికి బయటి ఖర్చులుండును గనుక అతనికి రెండు పాళ్లు, తక్కిన ఒక్కొక్కరికి ఒక్కొక్క పాలు ఇచ్చుట. తండ్రి నికరాదాయము 60,000 అనుకొందము. తల్లికి సంపాదన లేదు, బిడ్డలు ఇద్దరు. మొత్తము ఐదు పాళ్లు, ఒక్కొక్క పాలు 12,000. తల్లికిని ఇద్దరు బిడ్డలకును కలిపి 36,000. తండ్రికి 24,000. తల్లికి సంపాదన ఉన్నయెడల అదియు ముందుగా ఆ రొట్టెలో కలుపబడును. ఇది అన్ని కోర్టులను బంధించు సూత్రము కాకపోయినను, కోరిక న్యాయమైనదో కాదో సరిచూచుకొనుటకు మంచి కొలబద్ద.

5. ఒక ఉదాహరణ

ఇది ఏ యొక్క కుటుంబపు లెక్కయు కాదు. నేర్చుకొనుటకు మాత్రమే వ్రాసినది.

తండ్రి నికర జీతము నెలకు 40,000. తల్లి నికర జీతము 20,000. ఒక కుమారుడు తల్లి యొద్ద ఉన్నాడు. ఇంటి అద్దె 6,000, ఇంటిలో ఇద్దరు.

అన్నము, బట్టలు: 5,000
అద్దెలో బిడ్డ సగపాలు: 3,000
బడి ఫీజు (ఏడాదికి 36,000): 3,000
బడి బస్సు: 1,000
పుస్తకములు, యూనిఫారము, బూట్లు (ఏడాదికి 6,000): 500
వైద్యము: 1,000
ట్యూషను: 1,500
మొత్తము నెలకు: 15,000

ఇరువురి జీతములు 40,000, 20,000 గనుక దామాషా రెండు పాళ్లు, ఒక పాలు. తండ్రి వంతు 10,000. తల్లి వంతు 5,000. తరువాత దీనిని స్తోమత పట్టీతో సరిచూడవలెను. 10,000 ఇచ్చిన తరువాత తండ్రికి 30,000 మిగులును. అతని అద్దె, భోజనము, ముసలి తల్లి మందులు అందులో సరిపోవునా? సరిపోయినయెడల లెక్క నిలుచును.

ఆ తండ్రియే కూలి చేసికొని నెలకు 12,000 సంపాదించువాడైనయెడల? అవసరము 15,000 అని వ్రాసినంతమాత్రమున కోర్టు 10,000 ఇప్పింపదు. కొరింథీ సంఘమునకు వ్రాయబడిన రెండవ పత్రిక 8వ అధ్యాయములో అపొస్తలుడు ఇచ్చుటను గూర్చి బోధించుచు, లేనిదానిని బట్టి కాక ఉన్నదానిని బట్టి కొలువవలెనని, ఒకరికి భారము మరియొకరికి సుఖము కారాదని చెప్పుచున్నాడు. ఆ మాట అక్కడ యెరూషలేములోని పరిశుద్ధుల చందాను గూర్చినది. అయినను బిడ్డల లెక్కలోను అదే న్యాయము కనబడుచున్నది. పేదవాడు తన పేదరికమును బట్టి ఇయ్యవలెను, ధనవంతుడు తన ధనమును బట్టి ఇయ్యవలెను. పేదవానికి తగిన సొమ్మును ధనవంతుడు ఇచ్చి తప్పించుకొనరాదు.

తల్లి వంతు 5,000 అని వ్రాయునప్పుడు ఒక సంగతి మరువకుడి. రాత్రి జ్వరము వచ్చినప్పుడు మేలుకొనుట, ఉదయమున డబ్బా కట్టుట, పాఠములు చెప్పుట ఏ పట్టీలోను రూపాయలుగా పడవు. న్యాయముగల తండ్రి దానిని తన మనస్సులోనైన వ్రాసికొనవలెను.

6. న్యాయమైన త్రాసు

లెక్క ఎంత చక్కగా వేసినను, వేసిన అంకెలు అబద్ధమైనయెడల ప్రయోజనమేమి? పూర్వము కోర్టులలో జరిగినది ఇదియే. భార్య తన సంపాదనను దాచును, భర్త తన సంపాదనను తగ్గించి చెప్పును. అందుచేత 2020 తీర్పు ఇరుపక్షములవారును ఆస్తులు, అప్పులు, ఆదాయము, ఖర్చులు అన్నియు తెలుపు అఫిడవిట్టు దాఖలు చేయవలెనని విధించినది. పట్టణవాసులకు ఒక నమూనా, వ్యవసాయముపై జీవించు పల్లెవారికి మరియొక నమూనా, మేఘాలయ రాష్ట్రమునకు ఇంకొక నమూనా ఇచ్చిరి. అవతలివారు నాలుగు వారముల లోపల జవాబుతో కూడ తమ అఫిడవిట్టు దాఖలు చేయవలెను.

జీతపు చీటీలు, బ్యాంకు పాసుపుస్తకము, ఆదాయపు పన్ను కాగితములు, ఫీజు రసీదులు, అద్దె రసీదులు, మందుల చీటీలు మొదలైనవి ముందుగా కూర్చుకొనుట మంచిది. పొలము గలవారు ఎంత భూమి, ఏ పంట, ఎంత రాబడి అని వ్రాయవలసియుండును.

దొంగ త్రాసు దేవునికి అసహ్యమని సామెతల గ్రంథము బోధించుచున్నది. మనము ఆ మాటను కిరాణా కొట్టువానికి మాత్రమే అన్వయించుచున్నాము. ప్రమాణము చేసి దాఖలు చేయు అఫిడవిట్టు కూడ ఒక త్రాసే. అందులో జీతము తగ్గించి వ్రాయువాడు తన బిడ్డ కంచములోనుండి తీసివేయుచున్నాడు. ఖర్చు పెంచి వ్రాయు తల్లియు అదే త్రాసును వంచుచున్నది.

7. ఎప్పటినుండి? ఇయ్యకపోయినయెడల?

వ్యాజ్యము తేలువరకు మధ్యంతర పోషణ అడుగవచ్చును. నోటీసు అందిన దినము మొదలుకొని అరువది దినములలో, సాధ్యమైనంతవరకు, ఆ అర్జీని తేల్చవలెనని చట్టము చెప్పుచున్నది.

సొమ్ము ఏ దినమునుండి లెక్కకు వచ్చును? తీర్పు వచ్చిన దినమునుండి కాక పిటీషను వేసిన దినమునుండియే ఇప్పింపవలెనని 2020లో సుప్రీంకోర్టు స్థిరపరచినది. జూను నెలలో పిటీషను వేయగా, పది నెలలకు 10,000 చొప్పున ఆజ్ఞ వచ్చినదనుకొనుడి. బకాయి ఒక లక్ష. ఆ లోపల తండ్రి 30,000 పంపి, దానికి రుజువు చూపగలిగినయెడల ఇయ్యవలసినది 70,000. కాబట్టి పంపువారు బ్యాంకు ద్వారా పంపుడి. చేతికి ఇచ్చినయెడల రసీదు తీసికొనుడి. క్రిస్మసుకు కొనిన సైకిలు ప్రేమకు గురుతేగాని, దానిని నెలసొమ్ముగా చూపుట కష్టము.

ఆజ్ఞ అయిన తరువాతను ఇయ్యనియెడల, జుల్మానా వసూలు చేయు రీతిగా వారంటు పుట్టించి వసూలు చేయవచ్చును. అప్పటికిని చెల్లింపనియెడల ఒక్కొక్క నెల బకాయికి ఒక నెల వరకు జైలు విధింపవచ్చును. జైలుకు పోయినంతమాత్రమున బాకీ తీరిపోదు. అయితే ఒక హెచ్చరిక: 144వ సెక్షను క్రింద బకాయి వసూలు కొరకు అది చెల్లింపవలసిన దినమునుండి ఒక సంవత్సరము లోపల అర్జీ పెట్టుకొనవలెను. "పోనిమ్ము, చూతము" అని ఊరకుండువారు ఈ గడువును మరచి నష్టపోవుచున్నారు.

కాలము మారినప్పుడు లెక్కయు మారును. బిడ్డ హైస్కూలుకు పోయినను, తండ్రి ఉద్యోగము పోయినను, జీతము పెరిగినను, 146వ సెక్షను క్రింద సొమ్మును హెచ్చించుమనియో తగ్గించుమనియో అడుగవచ్చును. ఉద్యోగము పోయినవాడు చెప్పక చెల్లింపులు నిలిపివేయుట తప్పు. కోర్టుకు పోయి మార్పు కోరుట సరియైన మార్గము.

8. తరచుగా వినబడు మూడు మాటలు

"బిడ్డను చూడనిచ్చుట లేదు గనుక సొమ్ము ఇయ్యను." బిడ్డను చూచుట ఒక ప్రశ్న, పోషించుట మరియొక ప్రశ్న. చూడనియ్యనియెడల దానికి వేరుగా కోర్టును అడుగవలెను. సొమ్ము దర్శనమునకు టిక్కెట్టు కాదు. అట్లే సొమ్ము రాలేదని బిడ్డను తండ్రికి చూపక దాచుటయు తల్లికి తగదు.

"ఏమియు అడుగనని ఆమె స్టాంపు కాగితము మీద వ్రాసియిచ్చినది." తల్లి తన హక్కును వదలుకొనవచ్చునేమో. బిడ్డ హక్కును వదలుకొనుటకు ఆమెకు అధికారము లేదు. పెద్దమనుష్యుల పంచాయతీలో సంతకములు పెట్టించు మనము దీనిని మరి ముఖ్యముగా జ్ఞాపకముంచుకొనవలెను.

"ప్లీడరుకు ఇచ్చుటకు డబ్బు లేదు." 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకును బిడ్డలకును, వారి ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఉచిత న్యాయసహాయము పొందు హక్కు కలదు. జిల్లా కోర్టు ఆవరణలోనున్న న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టవచ్చును.

9. మనము చేయదగినది

ఆ సహోదరి నోటుబుక్కును మేము మరల తెరచి, ఈ మూడు పట్టీల ప్రకారము ఆమెతో కూర్చుండి తిరిగి వ్రాసితిమి. అద్దె పాలు, జూను ఖర్చులు చేర్చగా మొత్తము పెరిగినది. ఆమె వంతును ఆమెయే వ్రాసికొన్నది. తరువాత ఆమె భర్తను కలిసికొని, ఎవరి తప్పును గూర్చియు మాటలాడక, ఆ కాగితము మాత్రము అతని చేతిలో పెట్టితిమి. అతడు చాలసేపు చదివెను. చివరకు, "బూట్లు ఏడాదికి రెండు జతలా?" అని అడిగెను. "పాదము పెరుగుచున్నదయ్యా" అని మాలో ఒకరు చెప్పిరి. అతడు తన కుమారుని పాదమును చూచి పదునాలుగు నెలలైనది. ఆ మాటకు అతడు జవాబు చెప్పలేదు.

ఆ కాపురము మరల కలిసినదని వ్రాయగలిగియుంటే మాకెంతో సంతోషముగా నుండెడిది. కలియలేదు. అయినను ఇరువురును ఒక సొమ్మునకు ఒప్పుకొని, ప్లీడరు ద్వారా కోర్టులో దానిని నమోదు చేయించుకొనిరి. ఇప్పుడు ప్రతి నెల మొదటి వారములో అది బ్యాంకులో పడుచున్నది. రెండవ ఆదివారము ఆ పిల్లవాడు తండ్రి చేయి పట్టుకొని బజారుకు పోవుచున్నాడు.

పెద్దలారా, ఎడబాటు కలిగిన కుటుంబము మన యెదుటికి వచ్చినప్పుడు, ఎవరిది తప్పు అని అడుగుటకు ముందు, ఈ నెల బిడ్డకు ఏమి కావలెను అని అడుగుదము. కాగితము, కలము తీసికొని కూర్చుందము. హాగరు కన్నులు తెరువబడినప్పుడు ఆమెకు కనబడినది నీళ్ల ఊట. ఆమె చేసిన మొదటి పని తిత్తి నింపి చిన్నవానికి త్రాగనిచ్చుట. మన పనియు అదియే.

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. బిడ్డ సొమ్మును తల్లికి ఇచ్చు సొమ్ముగా తలంచుట వలన మన సంఘములో ఎట్టి తప్పులు జరిగినవి?
2. మీ యింటిలోని ఒక బిడ్డకు ఏడాదికి ఒకసారి వచ్చు ఖర్చులు ఏవి? వాటిని పండ్రెండుతో భాగించి చూడుడి.
3. తల్లి జీతము తండ్రి జీతములో సగమైనయెడల, 9,000 రూపాయల ఖర్చులో ఎవరి వంతు ఎంత?
4. మన సంఘములో విడిగా నివసించు తల్లిగాని తండ్రిగాని ఉన్నయెడల, వారి బిడ్డను ఈ నెలలో ఎవరు పరామర్శింతురు?